గూట్లోకి ముందే వచ్చిన అంతోణియార్

మా ఊరి కొత్త చర్చి గోపురం ఎక్కితే మదురై కనబడుతుంది. మదురైలో మేడ ఎక్కినవాళ్లకు మా గోపురం కనబడుతుంది. చిన్నమనూరు చుట్టుపక్కల అంత ఎత్తు కట్టడం ఇంకొకటి లేదని, మేఘాలు దానికి తగలకుండా పక్కకు తప్పుకుని పోతాయని నేను ఎవరితోనైనా పందెం కాస్తాను.

దాన్ని కట్టినవాడు మా యేసుదాస్ మేస్త్రి. ఇళ్లు, పశువుల కొట్టాలు కట్టిన చేతికి చర్చి అదే మొదలు. ఇంజనీరు గీసిన ప్లానులో పునీత అంతోణియార్ స్వరూపాన్ని నిలిపే గూడు వాకిలికి పక్కనే, చేతికి అందే ఎత్తున ఉంది. యేసుదాస్ దాన్ని గోపురం పైదాకా లేపేశాడు. "రోడ్డుమీద బస్సులో పొయ్యేవాళ్లకు గూడా సామి కనపడాల" అని అతని వాదం. "అంత పైన పెడితే కాకులకే కనపడేది" అని ఫాదర్ కదిరవన్ వాదం. తీర్పు బిషప్పుగారిది. ఆడి నెలలో, ఆషాఢ గాలుల కాలంలో, ఒక మంగళవారం ఆయన వచ్చి చూస్తారు. ఉంచమంటే గూడు ఉంటుంది. వద్దంటే కట్టిన చేతులతోనే యేసుదాస్ దాన్ని పగలగొట్టాలి.

ఆ పొద్దున అతను వేసుకున్న పథకం చిన్నదే. దిష్టి బొమ్మ కట్టకుండా మా వైపు కోళ్లగూడు కూడా లేవదు. సిలువ ఉన్న చోట బొమ్మ ఎందుకని ఫాదర్ ముందే వద్దన్నాడు. కానీ బిషప్పు వచ్చే రోజు ఊరి కళ్లన్నీ గోపురం మీదే పడతాయి కదా. అందుకని ఎవరికీ తెలియకుండా గోపురం వెనక ఒక బొమ్మ కట్టి, ఆయన వెళ్లగానే విప్పేద్దామనుకున్నాడు.

"పాత ప్యాంటు ఒగటి ఇయ్యి, గడ్డి కూరాల" అని భార్య సెల్లమ్మాళ్‌ని అడిగాడు.

"పాత ప్యాంటు నువ్వే ఏసుకోనుండావే మామా. అది విప్పితే బిషప్పు సామి ముందర నువ్వే బొమ్మవి."

చివరికి తన గోధుమరంగు నైటీ ఇచ్చింది. "ఇంకా చినగలా. మళ్లా తెచ్చియ్యాల, సెప్తుండా" అని హెచ్చరించింది కూడా.

యేసుదాస్ అందులో గడ్డి కూరి, నడుముకు కొబ్బరి తాడు బిగించి, తలకు కుండ పెట్టి, కుండకు బొగ్గుతో మీసం దిద్దాడు. గూటికి వెనక గోడ ఇంకా లేవలేదు. పనికోసం గోపురం చుట్టూ కట్టిన సారువ కర్రల మీదుగా ఎక్కి, బొమ్మను ఆ వెనక వైపు వేలాడదీసి, స్నానానికి ఇంటికి పోయాడు.

ఆడి గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందంటారు. గడ్డి బొమ్మ ఎంత? గాలి దాన్ని వెనకనుంచి తోసి గూట్లో నిలబెట్టింది, రోడ్డు వైపు ముఖం పెట్టి మరీ. గోధుమరంగు అంగీ, నడుముకు తాడు. పటాల్లో అంతోణియార్ ఉండేది అచ్చం అలాగే. పైగా మంగళవారం ఆయన రోజు.

ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్లు ముందు చూశారు. "సామి వొచ్చేసినాడే" అని కొవ్వొత్తులు వెలిగించారు. పళనికి నడిచి పోతున్న కావడి గుంపు, ఏమిటా అని ఆగి, తనూ ఒక దండం పెట్టింది. దూరపు చూపు అంతంతమాత్రమైన ఫాదర్ పైకి చూసి, స్వరూపం ఎవరు పంపారా అని ఆలోచించాడు. పక్క ద్రాక్షతోట బాలసుందరం "కోయిల్‌కి ఏమన్నా చేస్తా ఫాదర్" అని ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది. వెంటనే మైకులో ఆయనకు కృతజ్ఞతలు చెప్పేశాడు. గుంపు ఏమిటో చూద్దామని వచ్చిన బాలసుందరం మెడలో ఎవరో దండ వేశారు. దండ పడ్డాక కాదనడం మర్యాద కాదని, "ఏదో నా చేతనయినంత" అని ఆయన చేతులు జోడించాడు.

యేసుదాస్ తెల్ల చొక్కా వేసుకుని వచ్చేసరికి ఇదీ పరిస్థితి.

"మామా, నా నైటీకి కొవ్వొత్తులు ఎలిగించిండారు" అంది సెల్లమ్మాళ్.

"మెల్లగా మాట్లాడు."

అంతలో బిషప్పుగారి కారు వచ్చింది. దిగి, అది బాలసుందరం కానుకని ఫాదర్ మైకులో చెప్పాడని ఊరివాళ్లు అంటుంటే, తలెత్తి చూశారు. "మంత్రించకుండానే స్వరూపాన్ని ఎక్కించేశారా? సరి, నేనే ఎక్కి తీర్థం చల్లుతాను."

యేసుదాస్ అడ్డం వచ్చాడు. "వొద్దు సామి, సారువ గట్టిగా లేదు."

"సారువే గట్టిగా కట్టనివాడు గూడు గట్టిగా కట్టాడని ఎలా నమ్మేది?"

"గట్టిదే సామి, రాయి మాదిరి ఉండాది."

"అయితే ఎక్కుతాను."

ఇక్కడ నాకు ఒక చిక్కు వచ్చింది. మదురై కనబడే ఎత్తు అన్నాను కదా, అంత పైకి పెద్దాయనను ఎక్కిస్తే మీరు నమ్మరు. ఉన్నమాట చెప్పేస్తాను. మా గోపురం బాలసుందరం కొబ్బరిచెట్ల కంటే పొట్టి. పందెం కాసినవాళ్లుంటే మరిచిపోండి. బిషప్పుగారు పెద్దగా ఆయాసపడకుండానే గూటి దగ్గరికి చేరుకున్నారు.

కుండ ముఖం, ఆయన ముఖం ఎదురెదురుగా నిలిచాయి. కింద అందరూ మోకరించారు.

"యేసుదాస్, అంతోణియార్‌కి మీసం ఎప్పుడు మొలిచింది?"

కిందనుంచి సెల్లమ్మాళే జవాబు చెప్పింది. "మీసం మా మామది సామి. నైటీ నాది."

ఫాదర్ జేబులో కళ్లద్దాల కోసం తడుముకున్నాడు. బాలసుందరం దండ తీసి వీపు వెనక పెట్టుకున్నాడు.

"దిష్టి తగలకూడదని కట్టినా సామి," అన్నాడు యేసుదాస్. "గూడు వొద్దంటే ఇప్పుడే పగలగొడ్తా."

బిషప్పుగారు పైనుంచి రోడ్డు వైపే చూస్తున్నారు. కంబం వెళ్లే బస్సు ఒకటి నెమ్మదించింది. డ్రైవరు ఒక చెయ్యి ఎత్తి దండం పెట్టాడు, కిటికీల్లో తలలన్నీ గూటి వైపు తిరిగాయి. ఆయన నిదానంగా దిగి వచ్చి ఫాదర్‌ని పిలిచారు.

"అంత పైన పెడితే ఎవరికీ కనబడదని నాకు చెప్పింది మీరే కదా?"

"అవును సామి."

"మీకే కనబడింది. మైకులో కూడా చెప్పారట." యేసుదాస్ వైపు తిరిగారు. "గూడు ఉండనీ. లోపలున్న ఆయన్ని మాత్రం దించు." తర్వాత బాలసుందరాన్ని పలకరించారు. "అయ్యా, అసలు స్వరూపం ఎప్పుడు పంపిస్తారు?"

ఊరంతా చూస్తోంది. వీపు వెనక దండ ఇంకా వాడలేదు. "వొచ్చే నెల, సామి" అన్నాడు బాలసుందరం, ద్రాక్ష పులిసినట్టు ముఖం పెట్టి. గోపురానికి తగలవలసిన దిష్టి అంతా ఎవరికి తగిలిందో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు గూట్లో నిజమైన అంతోణియార్ ఉన్నాడు. బస్సులన్నీ అక్కడ నెమ్మదిస్తాయి. ఆ బొమ్మ బాలసుందరం ద్రాక్షతోటలో పిట్టలు తోలుతోంది.

ఇందులో నేను కల్పించింది కుండ మీద మీసం ఒక్కటే. నైటీ నిజం, సెల్లమ్మాళ్ ఇంకా అడుగుతూనే ఉంది.