తొమ్మిది వేల తొమ్మిది వందల బ్యాటరీ చేసిన మేలు

ఉత్తుత్తి బ్యాటరీ చేసినంత మేలు అసలు బ్యాటరీ చేయదు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. నెల రోజులు మక్కచేనులో మంచె మీద కూర్చొని, బాగా ఆలోచించి అంటున్నాను. ఆలోచించడానికి అంత తీరిక దొరికిందంటే అదీ ఆ బ్యాటరీ చలవే. లైటు ఆరిపోయాక మనిషికి ఆలోచించడం తప్ప వేరే పని ఏముంటుంది?

మాది జూలూరుపాడు దాటి అడవి వైపు పోయే దారిలో ఒక ఊరు. నాకు ఎకరంన్నర మక్కజొన్న ఉంది. మా ఆయన పోయినప్పటి నుంచి నా ఏడాది తిండీ, మందులూ, బస్సు చార్జీలూ అన్నీ ఆ ఎకరంన్నరే. కంకి పాలు పట్టిన రోజు నుంచి కోత దాకా అడవి పందులు దాని మీదే కన్నేసి ఉంటాయి. పంది తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. చేను చుట్టూ కరెంటు తీగ కట్టకూడదు. దానికి తగిలి మనుషులు పోతారు, కట్టొద్దనడం న్యాయమే. పటాకులు కాలిస్తే రెండు రోజులు బెదురుతాయి, మూడో రోజు పండగ అనుకొని పిల్లలతో సహా వస్తాయి. ఇక మిగిలింది లైటు. మంచె మీద నుంచి సూటిగా కళ్లలోకి కొడితే పంది వెనక్కి తిరిగి అడవిలోకి పోతుంది.

అందుకని తలకు కట్టుకునే లైటూ, అందులో వేసే లిథియం బ్యాటరీలూ, చార్జరూ కొందామని నేనూ, పక్క చేను కన్నమ్మా కలిసి కొత్తగూడెం పోయాం.

షాపు నడిపే మురళీకృష్ణ రెండు రకాల బ్యాటరీలు బల్ల మీద పెట్టాడు. రెండూ ఒకటే పొడవు, బొటనవేలంత లావు. లోపల ఎంత పవరు పడుతుందో చెప్పే అంకె ఒకదాని మీద 2600 అని ఉంది. రెండోదాని మీద 9900 అని ఎర్ర అక్షరాలతో మెరుస్తోంది.

నేను యాభై ఆరో ఏట చదువు నేర్చుకున్నదాన్ని. భవాని టీచర్ సాయంత్రం పూట అంగన్‌వాడీ గదిలో కూర్చోబెట్టి నేర్పింది. అప్పటి నుంచి బస్సు బోర్డు కానీ, సబ్బు కవరు కానీ, గోడ మీద రాత కానీ చదవకుండా వదలను. కన్నమ్మకు చదువు రాదు. ఇప్పపువ్వు, చింతపండు సంతలో అమ్ముకునే కోయ మనిషి. సంతలో కాటాను నమ్మరు కదా, ముందు చేత్తో తూచి చూసుకుంటారు. ఇక్కడా అదే చేసింది. రెండు అరచేతుల్లో రెండు బ్యాటరీలు పెట్టుకొని, కళ్లు మూసుకొని కాసేపు అటూ ఇటూ ఊపింది.

"అక్కా, గిది తేలిగ్గుంది. లోపల ఏం లేదు," అని 9900ను బల్ల మీద పెట్టేసింది.

"నీకు అంకెలు తెల్వయి కన్నమ్మా. గిది తొమ్మిది వేల తొమ్మిది వందలు. గది రెండు వేల ఆరు వందలు. ఏది ఎక్కువ?"

"రాసింది ఎక్కువున్నది. బరువు తక్కువున్నది."

"బరువు చూస్తానికి పొట్టేలును కొంటున్నవా ఏంది?"

మురళీకృష్ణ నవ్వాడు. "పెద్దమ్మకు చదువొచ్చు. అందుకే కరెక్టుగా పట్టుకున్నది," అన్నాడు.

నా జన్మలో నన్ను ఎవరూ అంత మాట అనలేదు. రెండు కొందామని పోయినదాన్ని నాలుగు కొన్నాను. కన్నమ్మ 2600వి రెండు కొని కొంగున కట్టుకుంది. బస్సులో దారి పొడుగునా ఆమెను చూసి జాలిపడ్డాను.

ఇప్పుడు మేళ్లు చెబుతాను, వినండి.

మొదట, ఈ బ్యాటరీ టైం కాపాడుతుంది. కన్నమ్మ బ్యాటరీ చార్జింగు పెడితే ఎర్ర లైటు పచ్చగా మారడానికి పూట పడుతుంది. నాది గంటలో పచ్చబడుతుంది! చిన్న గిన్నె తొందరగా నిండదా మరి? ఆ చార్జరు కూడా ఎంతో మంచి మనసున్నది. ఒకసారి పచ్చబడిందంటే లోపల బ్యాటరీ ఉన్నా పచ్చ లైటే, తీసేసినా పచ్చ లైటే. ఏ పరిస్థితిలోనూ ధైర్యం చెడని మనుషులను నేను చాలా తక్కువ మందిని చూశాను.

ఇంకా, గడియారం అవసరం లేదు. వెలిగించిన ఇరవై నిమిషాలకు లైటు ఎర్రబడి, మిణుగురు పురుగులాగా మిణుకుమని ఆరిపోతుంది. ఒక్క నిమిషం అటూ ఇటూ కాదు. మా ఊరికి వచ్చే బస్సుకు ఈ బ్యాటరీని చూపించాలి.

చెవులు కూడా బాగుపడ్డాయి. ఆకు మీద మంచు పడే చప్పుడేదో, పంది మూతి పెట్టిన చప్పుడేదో ఇప్పుడు నేను తేడా చెప్పగలను. దవాఖానాలో చెవుల డాక్టరు దగ్గరికి ఎందుకు పోవడం? ఒక 9900 కొనుక్కోండి.

మనుషుల మధ్య ప్రేమ సంగతి చెప్పనే లేదు. మా ఇద్దరి చేల మధ్య గట్టు విషయంలో నేనూ కన్నమ్మా నాలుగేళ్లు ముక్తసరిగా మాట్లాడుకున్నాం. ఈ ఏడు నా లైటు ఆరగానే ఆమె లైటు నా చేను మీదికి తిరిగేది.

"అక్కా, కూసున్నవా, పండుకున్నవా?" అని అటు నుంచి కేకేసేది.

"కూసున్న. బ్యాటరీ పండుకున్నది."

వారం తిరక్కుండానే నేను ఆమె మంచె మీదికి చేరాను. ఒక్క లైటుతో రెండు చేలు కాసుకున్నాం. గట్టు ఎవరిదో ఇద్దరం మరిచిపోయాం. ఏ పెద్దమనుషుల పంచాయితీ చేయగలిగింది ఆ పని?

అయినా చదువుకున్నదాన్ని కదా, ఊరుకోలేక షాపుకు పోయి అడిగాను. మోటార్లు బాగు చేసే జైరాం మీటరు పెట్టి చూశాడనీ, లోపల పదకొండు వందలకు మించి లేదన్నాడనీ చెప్పాను. మురళీకృష్ణకు కోపం రాలేదు.

"పెద్దమ్మా, 9900 అంటే పవరు కాదు. మోడల్ నంబరు," అన్నాడు.

"అయితే 2600 ఇయ్యి."

"అవి తెప్పిస్తలేను. ఇప్పుడు అందరూ చదువుకున్నోళ్లే. చిన్న నంబరుది ఎవరూ తీస్కుంటలేరు."

చూశారా, అక్షరాస్యత దేశాన్ని ఎంత దూరం తీసుకొచ్చిందో?

ఆ తర్వాత కన్నమ్మ చెల్లెలి కూతురి పెళ్లికి సారపాక పోయింది, రెండు రోజులకు. తన లైటు ఇచ్చి పోతానంది. చీకట్లో వాగు దాటి బస్సు దాకా నడిచిపోయే మనిషి దగ్గర లైటు గుంజుకుంటానా? వద్దన్నాను. నాలుగు బ్యాటరీలు ముందు పెట్టుకొని నా మంచె మీద కూర్చున్నాను. నాలుగు ఇరవైలు ఎనభై నిమిషాలు. పందులకు తొందర ఏముంది? మాటు వేసి, ఎనభై ఒకటో నిమిషాన దిగాయి. డబ్బా కొట్టాను, అరిచాను. నా గొంతు వాటికి అప్పటికే అలవాటైంది. రెండు రోజుల్లో చేను అడవి వైపు అంచు నుంచి మధ్య దాకా చాప పరిచినట్టు పడిపోయింది. తెల్లారాక తాడు పెట్టి కొలిచాను. ఇరవై గుంటలు. అంటే అర ఎకరం. నా ఏడాదిలో నాలుగు నెలలు.

నష్టం రాసుకోవడానికి ఒక సారు మోటారు సైకిలు మీద వచ్చాడు. బూట్లకు బురద అంటుతుందని గట్టు మీదే నిలబడ్డాడు.

"పందులు తినేటప్పుడు తీసిన ఫోటోలు ఉన్నాయా అమ్మా?"

"ఫోటోకు వెలుగు కావాలె గద సారూ. వెలుగే ఉంటే పందులు ఎందుకుంటయి?"

ఆయన ఏదో రాసుకున్నాడు. కాగితం నా ముందు పెట్టి, "ఇగో, ఇక్కడ వేలిముద్ర," అన్నాడు.

నేను వేలు ఇవ్వలేదు. కాగితం తీసుకొని చదివాను. నష్టపోయిన విస్తీర్ణం, ఐదు గుంటలు.

"సారూ, పోయింది ఇరవై. మీరు ఐదు రాసిన్రు."

ఆయన నా వైపు మొదటిసారి సరిగా చూశాడు. "నీకు చదువొస్తదా?"

"వస్తది."

"గట్టు మీది నుంచి నాకు ఐదే కనబడుతున్నయి."

"దిగి చూడున్రి."

కన్నమ్మ అప్పటికే పెళ్లి నుంచి వచ్చేసింది. చీర ఎగదోపుకొని పడిపోయిన మక్కలోకి దిగి, ఒక్కో అడుగూ పైకే లెక్కపెడుతూ ఆ చివర దాకా నడిచింది. సారు వాచీ చూసుకున్నాడు. అడుగులతో కొలిస్తే చెల్లదన్నాడు. నేను సంతకం పెట్టలేదు. మళ్లీ వస్తానని చెప్పి కాగితం సంచిలో పెట్టుకొని పోయాడు. పదిహేను రోజులయింది. పడిపోయిన మక్క పడిపోయినట్టే ఉంది. దాన్ని తీసేస్తే సాక్ష్యం పోతుంది, ఉంచితే తర్వాతి పంటకు దున్నడానికి వీల్లేదు.

కాబట్టి ప్రభుత్వం వారికి నాదొక విన్నపం. బ్యాటరీల మీద అంకెలు వేసే ఆ మహానుభావుడు ఎక్కడున్నాడో వెతికి పట్టుకోండి. పదకొండు వందలను తొమ్మిది వేల తొమ్మిది వందలు చేసిన చేయి అది. ఆయన్ను పంట నష్టం రాసే పనిలో పెట్టండి. ఆ లెక్కన నా ఇరవై గుంటలు నాలుగున్నర ఎకరాలు అవుతాయి.

నాకున్నదే ఎకరంన్నర, అంత నాకు వద్దు. ఇరవై పోతే ఇరవై అని రాసే మనిషి ఒక్కరు చాలు. అలాంటి మనిషి మీ వైపు ఎక్కడైనా దొరికితే చెప్పండి. మొదటి బస్సుకే వస్తాను.