పిట్ట చూసిన పట్నం

ఆ పొద్దున పురుషోత్తం రావు పెట్టుకున్న పని ఒకటే. పెగడపల్లి రైతు జలపతిని జగిత్యాలలోని తన ఇంటికి పిలిచి, చాయ పోసి, అతని చేను అంచు వెంట బాట ఇమ్మని ఒప్పించడం. రావుగారి వరి పండి వాలిపోతోంది. జలపతి చేను దాటితే తప్ప కోత మిషను అక్కడికి పోదు. మబ్బులు మాత్రం ఎవరి చేనూ అడగకుండానే వస్తున్నాయి.

జలపతి సగం ఒప్పుకున్నాడు. రావుగారి భార్య శారద చాయ తెచ్చేలోగా అతని చూపు గోడ మీది బొమ్మ మీద పడింది. పంతొమ్మిదో శతాబ్దంలో అచ్చు వేసిన పరాయి దేశపు పట్నం అది. పైన ఎగిరే పిట్టకు కనబడినట్టు వీధులు, నది, రైలు, పొగగొట్టాలు. బిడ్డ ప్రణీత పంపితే రావుగారు కోరుట్లలో ఫ్రేము కట్టించారు.

"గిదేంది దొరా?"

తెలిసింది చెప్పకుండా ఉండే అలవాటు రావుగారికి లేదు. "పెరిగే పట్నం. సగం రోడ్లు అప్పటికి పడనే లేదు. పడ్తయని ముందుగాలనే గీసిండ్రు. జనం అచ్చి జాగలు కొనాలె గదా."

జలపతికి బాగా అర్థమైంది. అతను చూసిన వెంచర్ల రంగు కాగితాలన్నీ ఇలాంటివే. పైగా బొమ్మలో నది తిరిగిన వంపు అచ్చం తమ వాగు వంపే, అంటే పట్నం వచ్చేది తమ ఊరికే. ఫోటో తీసి దుబాయిలో ఉన్న కొడుకు రవికి పంపాడు. చాయ చల్లారకముందే జవాబు వచ్చింది: బాపూ, గుంట జాగ గూడ ఇయ్యకు.

మధ్యాహ్నానికి గొల్లపల్లి వాళ్లు బొమ్మ చూడటానికి వచ్చారు. సాయంత్రానికి సిరిసిల్ల నుంచి కారు వచ్చింది. అది వేరే దేశమని రావుగారు మొత్తుకున్నారు. దొర ఇంత గట్టిగా కాదంటున్నాడంటే ఇప్పటికే చుట్టుపక్కల కొనేసి ఉంటాడని అందరూ తేల్చుకున్నారు. బొమ్మ తీసి మంచం కింద పెడితే, ఇక అనుమానమే లేదన్నారు. జలపతి భార్య కొమురవ్వ మాత్రం న్యాయంగా మాట్లాడింది.

"రైలు మా బర్ల కొట్టం మీదికెళ్లి పోతున్నది దొరా. జర పక్కకు జరపుమని చెప్పు."

తెల్లారి రావుగారు వరి మీద ఆశ వదులుకొని, ఆఖరి చూపు చూసుకుందామని చేనికి వెళ్లారు. రోడ్డు లేని ప్లాటు ఎవరూ కొనరని జలపతి అప్పటికే జేసీబీ పెట్టించి, పసుపు తవ్వేసిన తన చేను నడుమ నుంచి రావుగారి గట్టు దాకా వెడల్పాటి రోడ్డు తీయించాడు. ఇరుపక్కలా తెల్లరాళ్లు పాతించాడు. కోత మిషను ఆ రోడ్డు మీద పెండ్లి కారులా వచ్చింది. ఆఖరి బస్తా ట్రాక్టరు ఎక్కాకే చినుకు పడింది.

రావుగారు ఆ రోడ్డు మీద ఒకసారి అటు నడిచారు. ఒకసారి ఇటు నడిచారు. మలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డారు.

"జలపతీ, గా మూల ప్లాటు ఎవలకన్న ఇచ్చినవా?"

"పొద్దుగాలనే అయిపోయింది దొరా. శారదమ్మ ఫోన్ జేసి తీసుకున్నది. మీకు చెప్పద్దన్నది."

రావుగారు దాని పక్క ప్లాటు అడిగారు.