పారిపోని ఖైదీ కేసు

ఆ రోజుకి తాళాలాయన వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున పోలీస్ స్టేషన్‌లో లాకప్ తాళం బాగుచేసి రావడం, మధ్యాహ్నం భార్యను కాన్పుకి ఆస్పత్రిలో చేర్చడం. స్టేషన్ నుంచి ఫోనొస్తే ఎత్తింది ఆవిడే. "పోలీసుల పని, కాదంటే ఊరుకుంటారా? గబగబా వెళ్ళొచ్చెయ్యండి," అని తరిమింది.

హెడ్డు కానిస్టేబులు తాళం చూపించి టీకి వెళ్ళాడు. లాకప్‌లో టోపీల తాత గురక పెడుతున్నాడు. పర్మిట్ లేకుండా రోడ్డు పక్కన టోపీలు అమ్మడం ఆయన చేసిన ఘోరం. తాళాలాయన తుప్పు గీకి, నూనె వేసి, స్ప్రింగు మార్చి తాళం బిగించాడు. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఏ తాళం బాగుచేసినా, ఎంత గట్టిగా ఉందో చూడటానికి తాళంచెవి లేకుండా తీగతో ఒకసారి తెరిచి చూడటం అతని అలవాటు. చూశాడు. టిక్కుమంది. తలుపు బార్లా తెరుచుకుంది. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు.

"ఖైదీని తప్పిస్తున్నావా?"

"తాళం పరీక్షిస్తున్నాను సార్! హెడ్డుగారే ఫోన్ చేసి పిలిచారు."

అప్పుడే వచ్చిన హెడ్డు ఇన్‌స్పెక్టర్ ముఖం చూసి, ఒక్క క్షణంలో ప్లేటు ఫిరాయించాడు. "నేనా? నేనెందుకు పిలుస్తాను సార్!"

తాళాలాయన తాతను చూపించాడు. "ఎవరూ పారిపోలేదు కదండీ! తాత నిద్రే లేవలేదు."

"అందుకే 'ప్రయత్నం' అని రాస్తున్నాను. సంతోషించు."

"ఇంతకీ నష్టపోయిందెవరు సార్?"

"ప్రభుత్వం."

"ప్రభుత్వానికి ఏం పోయింది?"

ట్రైనింగ్‌లో ఈ ప్రశ్నకి జవాబు ఎవరూ చెప్పలేదు. ఇన్‌స్పెక్టర్ విధులకు అడ్డు తగిలాడని ఇంకో సెక్షన్ కలిపాడు.

గొడవకి తాత లేచి, తెరిచి ఉన్న తలుపు చూశాడు. "వెళ్ళిపోనా బాబూ?"

"కూర్చో! నువ్విప్పుడు సాక్షివి కూడా."

మధ్యాహ్నానికి భార్య నడుం పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది. "ఏమండీ, తాళం బాగుచేయమంటే లోపల కాపురం పెట్టేశారేంటి?"

ఇన్‌స్పెక్టర్ ఆవిడకి కుర్చీ వేయించాడు. "చూడమ్మా, మీ ఆయన చేయలేదంటే విచారణ అయ్యేదాకా లోపలే. ఏడాది పట్టొచ్చు. చేశానని ఒప్పుకుంటే, గట్టిగా హెచ్చరించి సాయంత్రమే పంపిస్తాను."

"అంటే తప్పు చేయనోడికి ఏడాది, చేసినోడికి సాయంత్రమా?"

"చట్టం దయగలదమ్మా."

"చేయని పని చేశానని ఎలా చెప్పనే?" అన్నాడు తాళాలాయన.

"నొప్పులొచ్చినప్పుడు మీ నిజాయితీ వచ్చి నా చెయ్యి పట్టుకుంటుందా? ఒప్పుకుని చావండి!"

ఒప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ కలం పరుగెత్తింది. "బాగుంది. ఇక్కడికి రమ్మని చెప్పిందెవరు?"

"హెడ్డుగారు ఫోన్..."

"ఆయన చేయలేదన్నాడుగా. మరి వెళ్ళమన్నదెవరు?"

"మా ఆవిడ," అన్నాడు పాపం, ఈ ఒక్కటైనా నిజం చెబుదామని.

కలం ఆగింది. ఒక్కడు చేస్తే ప్రయత్నం, ఇద్దరు అనుకుని చేస్తే కుట్ర. కుట్రదారులను హెచ్చరించి వదిలే అధికారం ఇన్‌స్పెక్టర్‌కి లేదు. చాలా బాధపడుతూనే ఆవిడ పేరు కూడా రాసుకున్నాడు.

"నేను ఇంటికెళ్ళడానికే కదయ్యా ఒప్పుకుంది!" అని తాళాలాయన ఊచలు పట్టుకుని అరిచాడు. ఉన్నది ఒకటే లాకప్ కాబట్టి, మొగుడూ పెళ్ళాలిద్దరినీ అందులోనే వేసి, చోటు చాలదని టోపీల తాతను ఇంటికి పంపేశారు.

నొప్పులు మాత్రం ఎవరి పర్మిటూ అడగలేదు. ముద్దాయిని ఆస్పత్రికి తరలించాలంటే పై అధికారి సంతకం కావాలి. హెడ్డు దానికోసం పరుగెత్తాడు. సంతకం కంటే ముందు మగపిల్లాడు వచ్చాడు, ఆ లాకప్ బల్ల మీదే, తండ్రి చేతుల్లోకి.

వాడు మూడో ముద్దాయా, ఉత్త సందర్శకుడా తేల్చమని ఇన్‌స్పెక్టర్ పైకి రాశాడు. జవాబు వచ్చేదాకా వాణ్ణి కూడా వదలడానికి వీల్లేదట.