కచ్కిన్‌బాయ్ ముఖం, ఊల్కాన్ తాళం

ముందే క్షమించమని అడుగుతున్నాను. పామీరు కొండల్లో యాకుల వెనక తిరిగినంతకాలం నాకు అక్షరం ముక్క రాదు. నారిన్ ఊరికి వచ్చి, మా ఆయన పోయాక, అరవై మూడో ఏట నేర్చుకున్నాను. ఒత్తు ఉండాల్సిన చోట దీర్ఘం పడి ఉంటుంది. ఒక్కో పేజీ రాయడానికి ఒక్కో పూట పట్టింది. మీరైనా తొందరగా చదివెయ్యండి.

మా వీధి చివర నీలం తలుపుల ఇంట్లో కచ్కిన్‌బాయ్ ఉంటాడు. ఆ పేరుకి పారిపోయేవాడని అర్థం. వాళ్ళమ్మ మంచు తుఫానుకి బెదిరి పరిగెడుతూ దారిలో కన్నదట. బిడ్డ నేలమీద పడ్డాడు గాని, భయం మాత్రం ఈనాటికీ ఆయన్నుంచి దిగలేదు.

ఈ ఏడు ఆయనకి ముచోల్. పన్నెండేళ్ళకోసారి పుట్టిన జంతువు పేరున్న సంవత్సరం తిరిగొస్తుంది. ఆ ఏడంతా మనిషికి గండమే. ఆయన గుర్రం ఏట పుట్టాడు. పాస్‌పోర్టులో అరవై, కడుపులో ఉన్న ఏడాది కలిపితే అరవై ఒకటి, గండానికి లెక్క అదే.

"ఆఫీసు లెక్కలో నీకింకా ఏడాది టైముందిలే" అంది భార్య ఊల్కాన్, ధైర్యం చెబుదామని.

"చావు వచ్చేముందు ఆఫీసుకి పోయి అడిగొస్తుందేంటే?"

అప్పట్నుంచి ఎదురుగా గుర్రం కనబడితే పక్కసందులోకి తప్పుకునేవాడు. నారిన్‌లో గుర్రం కంట పడకూడదంటే ఇంట్లోనే కూర్చోవాలి. ఇంట్లో కూర్చుంటే ఊల్కాన్ కంట పడాలి. ఏ గండం చిన్నదో తేల్చుకోలేక గుమ్మంలో నిలబడేవాడు.

ఆ గుమ్మంలోనే చలిగాలి తగిలి దగ్గు పట్టుకుంది. పది రోజులైనా తగ్గలేదు. ఉప్పు కొనుక్కొస్తానని భార్యకి చెప్పి, ఆసుపత్రికి పోయి ఛాతీకి ఎక్స్‌రే తీయించుకున్నాడు.

ఎక్స్‌రే తీసిన అమ్మాయి ఆ బొమ్మ చూసి, కనుబొమలు ముడిచి, పక్కగదిలోంచి ఇంకో అమ్మాయిని పిలిచింది. ఇద్దరూ బొమ్మని చూశారు. తర్వాత ఆయన్ని చూశారు. పండగ ముందురోజు పొట్టేలుని మనం ఎలా చూస్తామో అలా చూశారు.

"ఏముందమ్మా?" అన్నాడు.

"డాక్టరుగారు చూసి రాస్తారు తాతా. నాలుగు రోజుల్లో మీ ఫోనులోకి వస్తుంది."

ఫోను అనగానే ఆయనకి ఇంకో భయం పట్టుకుంది. ఆ ఇంట్లో ఫోను ఒక్కటే. అది ఎక్కువ సేపు ఊల్కాన్ చెవి దగ్గరే ఉంటుంది. ఆమెకి ఆరుగురు అక్కచెల్లెళ్ళు. సంగతి పొద్దున తెలిస్తే మధ్యాహ్నానికి ఆరు ఇళ్ళలో ఏడుపు సాధన మొదలవుతుంది. అంతకన్నా పెద్ద భయం ఒకటుంది. ముప్ఫై ఆరేళ్ళుగా ఎర్రగా మండే ఆ మనిషి ముఖం, ఈ మాట విని తెల్లబోతే చూడలేననుకున్నాడు.

"మా ఆవిడ చూడకుండా ఉండే దారేదైనా ఉందా?" అని కిటికీ వెనక కూర్చున్నామెని అడిగాడు.

ఆమె, ఆ పూట ఆయన జేబులో వేసుకొచ్చిన ఫోను తీసుకుని ఏవో నొక్కి, కల్పక్ టోపీ తీయించి, ఆయన ముఖాన్ని అటూ ఇటూ తిప్పించింది. "ఇందులో పెట్టెలాంటిది పెట్టాను. ఫలితం అందులోకి వస్తుంది. మీ ముఖం చూస్తేనే తెరుచుకుంటుంది. పాస్‌పోర్టు ఫొటోతో పోల్చుకుంటుంది, ముఖాన్ని బట్టి వయసు కూడా లెక్కకడుతుంది. పెద్దల రోగాల కాగితాలు పిల్లల చేతుల్లో, పరాయి చేతుల్లో పడకూడదని."

"పెళ్ళాం చేతిలో?"

"మీ ముఖం ఆమెకి ఉంటే తప్ప పడదు."

ఆయన కొత్త పెళ్ళికొడుకులా ఇల్లు చేరాడు. ఉప్పు మాత్రం మరిచిపోయాడు.

నాలుగో రోజు ఫోను టింగుమంది. "మీ ఫలితం వచ్చింది. దయచేసి శుక్రవారంలోగా తప్పక చదవండి" అని పైన కనబడింది. అది సోమవారం. తప్పక అనే మాటని ఆయన రెండుసార్లు చదివాడు. మంచివార్తకి గడువెందుకు? ఫోనుని దుప్పట్ల దొంతర కింద పెట్టి, దానిమీద తనే కూర్చున్నాడు.

మంగళవారం కూడా చదవలేదు. చదవకపోతే రోగం ఇంకా రానట్టే కదా అని ఒక ఆశ. అయితే బుధవారం పొద్దున కిటికీలోంచి ఒక గుర్రం సూటిగా ఆయన్నే చూసింది. ఇక ఊరుకుంటే లాభం లేదనిపించింది.

ఆయన బుర్రలో ఉపాయం మెరిసింది. పూర్వం బిడ్డలు దక్కని తల్లులు, చావుని ఏమార్చడానికి, పుట్టిన పిల్లాడికి కుక్క కూడా ముట్టదని పేరు పెట్టేవాళ్ళు. చావు వచ్చి, ఆ పేరు విని, ముక్కు మూసుకుని పోయేదట. పేరు మారిస్తేనే పోయే చావు, ముఖం మారిస్తే పోదా? వచ్చేది అరవై ఒక్కేళ్ళ తెల్లగడ్డం ముసలాడి కోసం. వాడే లేకపోతే?

ఊల్కాన్ రొట్టెలు కాల్చడానికి పెరట్లోకి వెళ్ళగానే గడ్డం నున్నగా గీసేశాడు. ఆమె తలకి వేసుకునే రంగు తన తలకీ, కనుబొమలకీ, తొందర్లో ఒక చెవికీ పూసుకున్నాడు.

ఊల్కాన్ రొట్టెల బుట్టతో లోపలికొచ్చి ఆగిపోయింది.

"ఎవరు నాయనా నువ్వు? మా ఆయన ఇంట్లో లేడు. తర్వాత రా."

"నేనేనే!"

"నువ్వా? ఊళ్ళో తెల్లగడ్డం పెద్దమనుషుల్లో కూర్చోబెట్టి మొన్నేగా నిన్ను గౌరవించారు. ఆ గడ్డం ఏం చేశావు?"

"వేసవి వస్తోంది కదా, ఉక్కగా ఉంటుందని..."

"బయట మంచు మోకాలి లోతుంది. వేసవి నీ చెవికే వచ్చినట్టుంది, నల్లగా మాడింది."

ఆమె నవ్వుకుంటూ పోయింది గాని, గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపులో నవ్వు లేదు.

గురువారం మధ్యాహ్నం, గడువుకి ఒక్కరోజే ఉందనగా, ఫోను పట్టుకుని గొర్రెల కొట్టంలో దూరాడు. కళ్ళు సగం మూసుకుని ఫోనుకి ముఖం చూపించాడు. ఫోను ఆడగొంతుతో మర్యాదగా పలికింది.

"ఈ ముఖం వయసు నలభై ఆరు. నమోదైన వయసు అరవై. సరిపోలేదు. ఇంకా మూడు ప్రయత్నాలు ఉన్నాయి. ఆ తర్వాత మీ సమాచార రక్షణ కోసం పెట్టె మూసివేయబడుతుంది. తెరిపించుకోవడానికి రాజధానికి స్వయంగా రావలెను."

నలభై ఆరు! ఒక్క క్షణం ఛాతీ ఉబ్బింది. మరుక్షణం అదే ఛాతీలో ఏముందో తెలియదని గుర్తొచ్చి దిగిపోయింది. చావుని మోసం చేయబోతే ఫోను మోసపోయింది. రాజధానికి వెళ్ళే దారిలో కొండ కనుమని మంచుకి మూసేసి మూడు రోజులైంది. రేపటి గడువు దాటితే ఏమవుతుందో!

పిండి డబ్బా తెచ్చి తలమీద, చెంపలమీద చల్లుకున్నాడు. "ముఖము కనబడుట లేదు. ఇంకా రెండు" అంది ఫోను.

పొట్టేలు ఒంటిమీంచి ఉన్ని కత్తిరించి, పుల్లటి పెరుగుతో గడ్డానికి అంటించుకున్నాడు. వెనక నుంచి పొట్టేలు ఆత్రంగా ముందుకు తోసుకొచ్చి, తన ఉన్నిని తాను వాసన చూసింది.

"చట్రంలో రెండు ముఖములు ఉన్నవి. ఏది మీది? ఇంకా ఒకటి."

"నాదే!" అని ఏడుపు గొంతుతో అరిచాడు.

"ఎవరితో తగువు?" తలుపు దగ్గర ఊల్కాన్ నిలబడి ఉంది.

ఉన్నిగడ్డంలోంచి పెరుగు కారుతుంటే ఆయన మొత్తం చెప్పేశాడు. దగ్గు, ఎక్స్‌రే, ఇద్దరమ్మాయిల చూపు, పెట్టె, గడువు, అన్నీ. ఊల్కాన్ ఎరుపు ముఖం నిజంగానే తెల్లబడింది. మేతతొట్టి అంచు పట్టుకుని, నెమ్మదిగా కూర్చుంది.

"ముప్ఫై ఆరేళ్ళు నీ గురకని కాపలా కాశాను. నీ దగ్గు నా దగ్గర దాస్తావా?"

"నువ్వు భయపడతావని..."

"ఇప్పుడు భయపడట్లేదా?"

తర్వాత ఊల్కాన్ లేచి, తలరుమాలు అంచుతో ఆయన ముఖమంతా తుడిచి, కల్పక్ తెచ్చి నల్లజుట్టు దాగేలా నెత్తిన దించింది. ఫోను తన చేతిలోకి తీసుకుంది.

"వద్దే, ఒక్కటే మిగిలింది!"

"నోర్ముయ్. దానికి కావలసింది గడ్డం కాదు, ముడతలు. నీ ముడతలు ఎప్పుడు పడతాయో నీకంటే నాకే బాగా తెలుసు." ఫోనుని ఆయన ముఖానికి ఎదురుగా పట్టుకుని, మామూలుగా అంది. "మా చిన్నచెల్లెలు కబురు పంపింది. రేపు వస్తున్నారట. నీ తోడల్లుడు కూడా. మూడు వారాలుంటాడట. తన మూత్రపిండంలో రాయి తీసిన కథ నీకు పోయినసారి సగమే చెప్పాడట."

కచ్కిన్‌బాయ్ నుదురు మడతలు పడింది. చెంపలు జారాయి. కళ్ళ కింద సంచులు దిగాయి. నోటి మూలలు గడ్డం దాకా వచ్చేశాయి.

"వయసు అరవై. స్వాగతం" అంది ఫోను.

"అబద్ధమే కదూ?" అన్నాడు ఆశగా.

"అబద్ధానికి నీ ముఖం అంత బాగా కదలదు. నిజంగానే వస్తున్నారు."

ఆయన కల్పక్‌ని కళ్ళమీదికి లాక్కుని, చెవులు రెండూ మూసుకున్నాడు. ఊల్కాన్ పెదవులు కదుపుతూ చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. తర్వాత ఆయన చేతిని చెవి మీంచి లాగింది.

"ఎడమ ఊపిరితిత్తి మీద నీడ ఉందట."

"అయిపోయింది. నా దినానికి పొట్టేలుని..."

"ఉండు. మూడు మూలల నీడట. అంచులు గీత గీసినట్టున్నాయట. చుట్టూ తీగ కుట్లు కూడా కనబడుతున్నాయట. మెడలోది తీసి, శుక్రవారం మళ్ళీ రమ్మన్నారు." ఆమె చెయ్యి పెట్టి ఆయన చొక్కాలోంచి తాయెత్తుని బయటికి లాగింది. సీసపు రేకులో చుట్టి, తోలులో పెట్టి, వెండితీగతో మూడు మూలలా కుట్టిన తాయెత్తు అది. "అన్నీ తీసెయ్యమని ఆ అమ్మాయి చెప్పలేదా?"

"చెప్పింది. గండం ఏడు కదా, తీస్తే ఎలా అని, ఆవిడ అటు తిరగ్గానే మళ్ళీ లోపల వేసుకున్నాను."

ఊల్కాన్ నవ్వబోయి నవ్వలేకపోయింది. తాయెత్తు నీడ పోయాక, దాని వెనక ఏముందో ఇంకా ఎవరికీ తెలియదు.

శుక్రవారం ఆసుపత్రి గుమ్మంలో ఆయన తాయెత్తు తీయడానికి అరగంట పట్టింది. మెడ బోసిగా, చలిగా అయిపోయింది. తలుపవతల ఆ యంత్రం, తలుపివతల వీధిలో ఒక గుర్రం.

"నా పిడికిట్లో ఉంది. నేను ఇక్కడే ఉన్నాను. పో" అంది ఊల్కాన్. ఆమె పిడికిలి వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆయన పోయాడు.

బయటికొచ్చేసరికి ఆమె కిటికీ దగ్గర ఉంది. "పెట్టెకి నా ముఖం పెట్టండమ్మా. ఈయన ముఖం మీద ఆధారపడలేం. పూటకో వయసు."

"మీ ఆయన ఒప్పుకోవాలి."

ఆయన ఒప్పేసుకున్నాడు. చదివే భయం తప్పితే చాలనుకున్నాడు.

"మీ వయసు చెప్పండి" అంది కిటికీ ఆమె.

ఊల్కాన్ భర్త వైపు తిరిగింది. "నువ్వు బయటికి పో."

మళ్ళీ నాలుగు రోజులు. ఆయన తిన్నది లేదు, తోడల్లుడు చెప్పిన రాయి కథ విన్నదీ లేదు. మంగళవారం ఫోను టింగుమంది. ఊల్కాన్ తెర వెనక్కి పోయింది. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన గోడ పట్టుకున్నాడు.

"బతుకుతావు. ఉత్త జలుబట" అంది.

ఆయన అక్కడే తివాచీ మీద కూలబడి, పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె కూడా పక్కన కూర్చుని కాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని అంది.

"అయితే డాక్టరుగారు కొన్ని షరతులు రాశారు. గొర్రెతోక కొవ్వు మానెయ్యాలట."

మానేశాడు. బుధవారం, నాలిక కింద పెట్టుకునే నస్వాయి పొగాకు పొడి మానాలంది. మానేశాడు. గురువారం, ఊపిరితిత్తులకి మంచిది గనక పంపు దగ్గర్నుంచి నీళ్ళు ఆయనే మోయాలంది. శుక్రవారం, తోడల్లుడు చెప్పే కథ నోరెత్తకుండా చివరిదాకా వింటే రక్తపోటు తగ్గుతుందంది.

అప్పటికి కచ్కిన్‌బాయ్‌కి అనుమానమొచ్చింది. "అది కూడా రాశారా? ఏదీ, నన్ను చూడనీ."

"కుదరదు. రహస్య సమాచారం."

"అవి నా ఊపిరితిత్తులే!"

"ఊపిరితిత్తులు నీవే. ముఖం నాది."

శనివారం ఊల్కాన్ పెరట్లో ఉండగా, ఆయన ఆమె పూల రుమాలు తలకి చుట్టుకుని, పెదవులు బిగించి, ఆమెలాగే కోపంగా ఫోనులోకి చూశాడు.

"మీరు ఊల్కాన్‌గారు కారు" అని ఫోను ఇల్లంతా వినబడేలా పలికింది. "ఇంకా మూడు ప్రయత్నాలు ఉన్నాయి."

పెరట్లో కట్టెలు కొట్టే చప్పుడు ఆగింది. కిటికీలోంచి ఊల్కాన్ గొంతు తియ్యగా వినబడింది.

"ఏమయ్యా, ఇంతకుముందు చదవడం మరిచిపోయాను. చివర్న చిన్న అక్షరాలతో ఇంకోటి రాశారు. తాళాల జోలికి పోయే రోగులు ఇంట్లో తివాచీలన్నీ బయటేసి దులపాలట. ఆరూ."

కచ్కిన్‌బాయ్ రుమాలు విప్పడం కూడా మరిచిపోయి, మొదటి తివాచీ భుజానికెత్తుకున్నాడు.

రాసినది బాత్మాకాన్, వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు నారిన్‌లో, కొండవాలు వీధిలో, కూతురింట్లో ఉంటున్నాను.