మా అమ్మాయి ఏమీ అడగదండీ!

పిల్లల్లో ప్రతిభ ఉందో లేదో తేల్చడానికి పిల్లల్ని చూడనవసరం లేదు! ఈ మాట అన్నది నేను కాదు, మా అమ్మాయి చదివే బడి. నేను మాత్రం ఆ మాటకు చప్పట్లు కొట్టేవాళ్లలో మొదటి వరుసలో నిలబడ్డాను.

మూడో తరగతిలో నూట నలభై మంది. వాళ్లలోంచి పన్నెండు మందిని ఏరి ‘గిఫ్టెడ్ ప్రోగ్రాం’ అనే గదిలో కూర్చోబెడతారు. ఆ గదిలో భూతద్దాలుంటాయి, విప్పి చూసుకోవడానికి పాత రేడియోలుంటాయి, ఎన్ని అడిగినా విసుక్కోకుండా జవాబు చెప్పే టీచరమ్మ ఉంటుంది. మరి అంతమందినీ పరీక్షించాలంటే ఎంత శ్రమ! అందుకని ముందు తల్లిదండ్రులకు ఓ ఫారం పంపిస్తారు. ఇరవై ప్రశ్నలు. ఒక్కోదాని ఎదురుగా రెండు గడులు: అవును, కాదు. పదిహేను అవునులు వస్తేనే పరీక్షకు పిలుపు. తోడొచ్చినవాడి నుదురు ముట్టుకుని రోగికి జ్వరం ఉందో లేదో చెప్పేసినంత సులువు!

నాకొచ్చిన ఫారం నెత్తిన ‘విద్యార్థి ప్రవర్తన వివరాలు’ అని మాత్రమే ఉంది. అసలు సంగతి చెబితే తల్లిదండ్రులు అబద్ధాలు రాస్తారని దాచారట. ఎంత ముందుచూపు!

మా అమ్మాయిని ఇంట్లో అందరూ ‘ఎందుకమ్మ’ అంటారు. కళ్లు తెరిచింది మొదలు ఎందుకు, ఎందుకు, ఎందుకు! లిఫ్టులో అద్దం ఎందుకు? నీళ్లకు రంగు లేనప్పుడు తడిసిన చొక్కా ముదురుగా ఎందుకు కనిపిస్తుంది? నువ్వు రాసిన హాస్యకథ చదివి ఎక్కడ నవ్వాలో అమ్మ నిన్నే ఎందుకు అడుగుతుంది? ఆ ఫారం వచ్చే ముందు నెలే ఇస్త్రీ పెట్టె విప్పేసింది, వేడి ఎక్కడ దాక్కుంటుందో చూడాలట. వారం రోజులు నలిగిన చొక్కాలతో ఆఫీసుకు వెళ్లాను.

ఇప్పుడు మీరే చెప్పండి. ఇలాంటి పిల్ల తండ్రిని పట్టుకుని ‘మీ బిడ్డ అతిగా ప్రశ్నలు వేస్తుందా?’ అంటే ఏం రాస్తాడు? పరువున్న తండ్రి ఎవరైనా రాసేదే నేనూ రాశాను. కాదు! ‘వస్తువులు విప్పదీస్తుందా?’ ఛఛ, కాదు! ‘పెద్దలతో వాదిస్తుందా?’ మా ఇంటా వంటా లేదు, కాదు! ‘తెలిసిన పాఠమే మళ్లీ చెబితే విసుగు చూపుతుందా?’ కాదంటే కాదు! ఇరవైకి ఇరవై కాదులు పెట్టి, అడుగున ‘మా అమ్మాయి ఏమీ అడగదు, చాలా బుద్ధిమంతురాలు’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి సంతకం చేశాను.

పై అంతస్తులో మా అక్కయ్యావాళ్లు ఉంటారు. వాళ్లబ్బాయిదీ ఇదే తరగతి. బంగారం లాంటి పిల్లవాడు. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉంటాడు, మళ్లీ లేపేదాకా. మా బావగారు మాత్రం బడి గుమాస్తాతో టీ తాగి అసలు సంగతి లాగేశారు. ఇరవై అవునులూ పెట్టి, చాలదన్నట్టు మూడు కాగితాలు జతచేశారు.

“మీవాడు వస్తువులు ఎప్పుడు విప్పాడు బావా?” అని ఫారాలు బడికి వెళ్లిపోయాక సంగతి తెలిసి అడిగాను.

“బిస్కెట్ ప్యాకెట్ వస్తువు కాదేమిటయ్యా?” అన్నారాయన.

ఆ తర్వాత రెండు నెలల కోచింగ్. మేనల్లుడు ఆ గదిలోకి వెళ్లిపోయాడు. వెళ్లాక తెలిసింది కష్టం. అక్కడ ప్రతి పిల్లా రోజుకు మూడు ప్రశ్నలు అడగాలట! పాపం, వాడెక్కడ తెచ్చేది? రోజూ సాయంత్రం నోటుబుక్కు పట్టుకుని కిందకు దిగి, మా ఎందుకమ్మ దగ్గర మూడు ప్రశ్నలు రాయించుకుపోయేవాడు. ఓసారి వాడికి ‘ఉత్తమ ప్రశ్న’ బహుమతి కూడా వచ్చింది. మా ఇంటి సరుకుకు గిరాకీ ఉందని నేను పొంగిపోయాను.

“మరి జవాబు ఏం చెప్పారురా?” అని మా అమ్మాయి ఆత్రంగా అడిగేది.

“మర్చిపోయా,” అనేవాడు వాడు.

వారం పాటు ఆ మాట విన్నాక నాకు మనసు ఆగలేదు. పిల్లను వెంటబెట్టుకుని హెడ్మిస్ట్రెస్ గారి గదికి వెళ్లాను. దీనికీ ఓసారి పరీక్ష పెట్టండమ్మా అన్నాను.

ఆవిడ ఫైలు తీసి ఫారం బల్లమీద పెట్టారు. “మీరు రాసిందేగా ఇది! కన్నతండ్రి కంటే మాకెక్కువ తెలుసా? మళ్లీ రెండేళ్ల దాకా వీలుకాదండీ.”

మా అమ్మాయి బల్ల అంచు పట్టుకుని, మునివేళ్ల మీద నిలబడి, ఆ ఫారం మొదటి నుంచి చివరి దాకా చదివింది.

“ఈ పాప ఎవరు నాన్నా?”

నేను గబుక్కున అడుగున ఉన్న నా సంతకం మీద అరచెయ్యి పెట్టాను. అప్పటికే అది దాన్ని కూడా చదివేసింది.

ఇది జరిగి నాలుగు రోజులైంది. అప్పటి నుంచి మా అమ్మాయి నన్ను ఏమీ అడగలేదు. చెప్పినచోట కూర్చుంటుంది, పెట్టింది తింటుంది, దేన్నీ విప్పదు. మేనల్లుడు ఖాళీ నోటుబుక్కుతో తిరిగి వెళ్తున్నాడు. చూశారా పాఠక మహాశయులారా, బడివాళ్ల పద్ధతి ఎంత ఖచ్చితమైనదో! నేను రాసిన ఇరవైకి ఇరవై నిజమైపోయాయి. అబద్ధమని ఒప్పుకుంటాను, ఆ ఫారం చించేయండి అని ఇప్పుడు నేను ఎవరి కాళ్లు పట్టుకోవాలి?