నిండని డ్రమ్ము కేసు

శంషాబాద్ విమానాశ్రయం చుట్టుపక్కల ఏ దొంగైనా కంటినిండా నిద్రపోతున్నాడంటే, శ్రీరామమూర్తిగారు వాడి కేసు ఇంకా చేతిలోకి తీసుకోలేదని అర్థం. ఈ మాట అన్నది ఎవరో కాదు, శ్రీరామమూర్తిగారే. రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుంటూ అద్దంలో మనిషికి చెబుతుంటారు. ఆ మనిషి ఏనాడూ కాదనలేదు.

ఆయనది భీమవరం. ఓ కార్గో ఆఫీసులో పెట్టెలకు చీటీలు అంటించి అంటించి రిటైరయ్యారు. మూసిన పెట్టె చూడగానే లోపల ఏముందో చెప్పేయగలనన్న నమ్మకం మాత్రం రిటైరవకుండా ఆయనతో ఇంటికొచ్చేసింది. ఇంతటి అపరాధ పరిశోధకుడికి భార్య విజయ అప్పగించిన పని ఒక్కటే. భోజనాలయ్యాక కంచాల్లో మిగిలింది తడిచెత్త బకెట్లోకి దులపాలి, ఆ బకెట్ తీసుకెళ్లి పార్కింగ్ వెనక ఉన్న నీలం డ్రమ్ములో పోసి రావాలి. ఆ పని ఆయన చేతులు చేసేవి. బుర్ర ఆ సమయంలో ఏదో ఒక అంతర్జాతీయ ముఠాను తరుముతూ ఉండేది.

ఆ బుర్రకే ఈ ఘోరం తట్టింది. చెత్త ఆటోకి వేసేది తగ్గించి ఎరువు చేసుకుందామని, అపార్ట్‌మెంట్‌లో ఆరిళ్లవాళ్లూ ఉగాది నుంచి తొక్కలు, తొడిమలు, మిగిలిన మెతుకులు ఆ డ్రమ్ములోనే పోస్తున్నారు, పైన ఎండుటాకులు చల్లుతున్నారు. ఎంత పోసినా డ్రమ్ము సగం దాటడం లేదు. మిగతావాళ్లు అమ్మయ్య అనుకున్నారు. శ్రీరామమూర్తిగారు మాత్రం తల పంకించారు.

"విజయా, మన చెత్త ఎవడో ఎత్తుకుపోతున్నాడు."

"చెత్త ఎవరిక్కావాలండీ? అయినా తోటకూర వండేటప్పుడు మీరెప్పుడైనా చూశారా..."

"కేసు మధ్యలో కూరలు తేకు," అన్నారాయన. అంతలో ఇంటిమీదుగా విమానం పోయింది. అది పోయేసరికి తోటకూర సంగతీ పోయింది.

ఇంతలో రెండో నేరం బయటపడింది. విజయ పుట్టింటివాళ్లు అల్లుడి మీద ప్రేమ పట్టలేక, పెళ్లిలో పెట్టిన స్టీలు సామానంతటి మీదా, ఆఖరికి చెంచాల మీద కూడా 'శ్రీరామమూర్తి' అని చెక్కించారు. ఆ చెంచాలు ఒక్కొక్కటే మాయమై, పాయసం చేసుకుంటే వేలితో నాక్కోవలసిన గతి పట్టింది.

శ్రీరామమూర్తిగారి కళ్లు మెరిశాయి. ఇంట్లో అంట్లు తోమేది లచ్చమ్మ. డ్రమ్ము పక్కన పొద్దస్తమానం కూర్చునేది ఆమె మొగుడు, వాచ్‌మన్ జంగయ్య. ఇద్దరూ ఉండేది మెట్ల కింద గదిలో. ఆ గది పక్కన సొరపాదు ఏపుగా పాకింది. పైగా కూతవేటు దూరంలో విమానాశ్రయం. ముగ్గుకి చుక్కలన్నీ పడ్డాయి, గీతలు కలిపితే దుబాయ్ వచ్చింది. ఆయన వెంటనే వెళ్లి అసోసియేషన్ సెక్రటరీ రామచంద్రయ్య చెవిలో ఊదారు. ఆదివారం మీటింగ్ పెట్టి ఆలుమగలిద్దర్నీ పంపించేద్దామని రామచంద్రయ్య అన్నాడు.

ఆ ముక్క మెట్ల కిందికి చేరడానికి ఎంతసేపు? లచ్చమ్మ పనిలోకి రావడం మానేసింది. శనివారం మధ్యాహ్నం ఆయన కిందికి దిగేసరికి జంగయ్య పరుపు చుట్టి తాడు బిగిస్తున్నాడు.

"రేపు అందరి ముందట దొంగలని అనిపిచ్చుకునుడెందుకు సార్. ఇయ్యాలనే పోతున్నం. కొత్వాల్‌గూడల మా తమ్ముడున్నడు," అన్నాడు తల ఎత్తకుండానే. "మేం తీసుకునేటోళ్లమైతే గీ మెట్ల కింద ఎందుకుంటం?"

శ్రీరామమూర్తిగారికి లోపల కలుక్కుమంది. కానీ డిటెక్టివ్ అన్నవాడికి గుండె ఉండకూడదని ఆయన ఏనాడో తీర్మానించుకున్నారు. సాయంత్రం దాకా ఆగమని, దొంగను సాక్ష్యంతో సహా పట్టిస్తానని జంగయ్యకు చెప్పి, వాళ్లు కాకపోతే బాగుండునని మనసులో అనుకుంటూ పార్కింగ్ వెనక్కి వెళ్లారు.

నీలం డ్రమ్ము పక్కన, ఇటుకల మీదే, అలాంటిదే ఇంకో ఖాళీ డ్రమ్ము ఉంది. గాలి ఆడటానికి దానికీ చుట్టూ చిల్లులు పెట్టారు. డిటెక్టివ్ కోసమే చేయించినట్టుంది. ఆయన మోకాళ్లని బతిమాలుకుని అందులో కూర్చున్నారు, నెత్తిమీద మూత పెట్టుకున్నారు, చిల్లుకి కన్ను ఆనించారు. కాసేపటికి అడుగుల చప్పుడైంది. శ్రీరామమూర్తిగారు ఊపిరి బిగబట్టారు. ముఠా నాయకుడు వస్తున్నాడు.

వచ్చింది మూడో అంతస్తు ప్రసన్నలక్ష్మి. ఫోన్‌లో వాళ్లక్కతో మాట్లాడుతూ, చూసుకోకుండా ఖాళీ డ్రమ్ము మూత తీసి, పులిసిన సాంబారూ పుచ్చకాయ తొక్కలూ బకెట్టెడు కుమ్మరించింది. శ్రీరామమూర్తిగారు కెవ్వుమని లేచారు. ఆయనతోపాటు డ్రమ్మూ లేచి, ఇటుకల మీద నుంచి జారి, పక్కదాన్ని గుద్దింది. రెండూ దబ్బున పడ్డాయి.

చప్పుడుకి విజయ పరుగున దిగింది. జంగయ్య, లచ్చమ్మ వచ్చారు. నీలం డ్రమ్ములోంచి నేలంతా నల్లటి మెత్తటి మట్టి పరుచుకుంది. పైపైన పొద్దుటి తొక్కలు నాలుగు తప్ప మెతుకు లేదు, కంపు అసలే లేదు. ఉన్న కంపంతా శ్రీరామమూర్తిగారిదే. ఆ మట్టిలో, డ్రమ్ము అడుగు నుంచి జారినచోట, ఏవో తళుక్కుమన్నాయి.

విజయ ఒకటి తీసి కొంగుతో తుడిచి పైకి చదివింది. "శ్రీరామమూర్తి." రెండోది తీసింది. "శ్రీరామమూర్తి." మూడోది చదవలేదు, మొగుడి వంక చూసింది.

"గంపెడు తోటకూర వండితే గుప్పెడవుతుందండీ. చెత్త కుళ్లినా అంతే. ఆ మాట చెప్పబోతే వినలేదు. అడుగున పడ్డ చెంచాలు అడుగునే ఉన్నాయంటే, ఇందులో ఎవ్వరూ చెయ్యి పెట్టలేదు. కంచాలు దులిపేది మీరే."

శ్రీరామమూర్తిగారు నెత్తిమీది పుచ్చకాయ తొక్క తీసి, గొంతు సవరించుకున్నారు. "నాకు మొదటినుంచీ ఇదే అనుమానం..." అని మొదలుపెట్టారు. జంగయ్య చేతిలో పరుపు చుట్ట కనబడింది. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

"తప్పయిపోయింది జంగయ్యా. ఆ తాడు విప్పేయ్. రేపు మీటింగ్‌లో దొంగ పేరు నేనే చెబుతాను."

జంగయ్య పరుపు గోడకి ఆనించాడు. లచ్చమ్మ ఆ చెంచాలన్నీ ఏరి, కుళాయి కింద కడిగి, తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"పేరు చెక్కిచ్చుడు మంచిగైంది సార్," అంది. "లేకుంటే వీటి మీద నా పేరే ఉంటుండె."

శ్రీరామమూర్తిగారు వాటిని విజయ చేతికిచ్చారు. తర్వాత చీపురు ఎక్కడుందని అడిగారు.