పికప్ వ్యానులో సముద్రం

మోటారును పడుకోబెట్టడంలో జరిగిన చిన్న పొరపాటు వల్ల దిబ్బలపాలెం సముద్రం మొత్తం ఒక పికప్ వ్యాను వెనక తొట్టిలోకి దిగిపోయి, నలభై ఏడు కిలోమీటర్ల అవతలున్న మామిడివలస చేరింది. పొరపాటు చేసిన మనిషి సూరాడ దానయ్య. పదకొండేళ్లుగా ఒకే పడవ, ఒకే మోటారు, ఒకే భార్యతో నెట్టుకొస్తున్న నెమ్మదస్తుడు. ఇలాంటి పనులు సాధారణంగా నెమ్మదస్తుల చేతుల మీదుగానే జరుగుతాయి.

అది వేట నిషేధం కాలం. ఏప్రిల్ నడుమ నుంచి జూన్ నడుమ దాకా చేపలు గుడ్లు పెట్టుకుంటాయని అరవై ఒక్క రోజులు ఎవరూ సముద్రం మీదికి వెళ్లకూడదు. జాలర్లు ఆ రోజుల్లోనే వలలు బాగుచేసుకుంటారు, మోటార్లను మరమ్మతుకు పంపుతారు. దానయ్యది పడవ వెనక తగిలించుకునే చిన్న మోటారు, ఇద్దరు మనుషులు మోయగలరు. తాడు రెండో గుంజుకే అందుకునేది కాస్తా ఇరవయ్యో గుంజుకు కూడా దగ్గుతూ ఉండటంతో, మామిడివలసలో గౌసు మేస్త్రికి చూపిద్దామని సన్యాసిరావు పికప్ వ్యాను మాట్లాడాడు.

అలాంటి మోటారును వ్యానులో ఎలా పడుకోబెట్టాలో దిబ్బలపాలెంలో తెలియనివాళ్లు లేరు. ముందు కాసేపు నిలబెట్టి లోపలి నీళ్లు కారిపోనివ్వాలి. తొట్టిలో పాత వల మడతపెట్టి పరవాలి. దాని మీద మోటారు తల ఎత్తుగా, ఫ్యాను పల్లంగా ఉండేలా పడుకోబెట్టి తాడు కట్టాలి. తల పల్లమైతే ఫ్యాను ఉండే కాలులో మిగిలిన ఉప్పునీరు తలకెక్కుతుంది. ఇది శాస్త్రం. అయితే ఆ ఊళ్లో అంతకన్నా పాతది ఇంకొకటుంది. వేటకు వాడే వస్తువేదైనా తీరం దాటించేటప్పుడు దాని ముఖం గంగమ్మ వైపే ఉండాలి, ఆవిడకు వీపు చూపించకూడదు. వ్యాను పడమటి దిక్కుకు తిరిగి నిలబడి ఉంది. దానయ్య గంగమ్మను తలుచుకుని మోటారు తలను వెనక తలుపు వైపు, అంటే తూర్పుకు, పెట్టాడు. వ్యాను ఇసుక దిబ్బ ఎక్కేసరికి వెనక భాగం కిందికి దిగింది, మోటారు తల పల్లమైంది. శాస్త్రం, ఆచారం రెండూ ఒకేసారి పాటించబోతే మన దగ్గర ఏదో ఒకటి కారక తప్పదు.

పదకొండేళ్లుగా ఆ మోటారు రోజూ సముద్రాన్ని తాగి ఉమ్ముతూనే ఉంది కాబట్టి దాని గొంతులో సముద్రం కొస ఒకటి ఎప్పుడూ ఉండేది. పీపాలో పైపు పెట్టి ఒక్క గుక్క లాగితే డీజిలంతా దానంతటదే వచ్చేసినట్టు, ఆ కొస పట్టుకుని మిగతాది కూడా వచ్చేసింది. తొట్టి పొడవు ఏడడుగులు, వెడల్పు అయిదు. అందులో సముద్రం ఎలా పట్టిందని తర్వాత కూడా ఎవరూ అడగలేదు. కిందటి మాఘమాసంలో అదే తొట్టిలో నలభై ఇద్దరు పెళ్లివారు, రెండు బీరువాలు, ఒక మేళం పట్టడం జిల్లా అంతా చూసింది.

సగం దారిలో చెక్‌పోస్టు దగ్గర రవాణా శాఖ అధికారి వ్యాను ఆపాడు.

"ఏముంది ఇందులో?"

"మోటారండి," అన్నాడు సన్యాసిరావు.

"మోటారు కింద?"

సన్యాసిరావు దిగి వెనక్కి వెళ్లి తొంగి చూశాడు. "సంద్రమండి."

"బిల్లుందా?"

"నేదండి."

అధికారి పుస్తకం తెరిచాడు. ఇసుక, కలప, పశువులు, కూరగాయలు, ఇతరములు అని గడులున్నాయి. ఆయన 'ఇతరములు' మీద టిక్కు పెట్టి, ఒక అల వచ్చి కాగితం తడపబోతే పుస్తకం పక్కకు జరుపుకున్నాడు. సరుకుకు కాగితాలు లేవు గనుక వాహనాన్ని మామిడివలస మార్కెట్ యార్డుకు తరలించి, మూడో నంబరు గోడౌనులో పెసల బస్తాల పక్కన నిలిపారు. మోటారును మాత్రం వెంట వచ్చిన దానయ్యకు ఇచ్చేశారు, దానికి కాగితాలున్నాయి.

అప్పుడే దానయ్య భార్య పోలమ్మ ఫోను చేసింది.

"మావా, సంద్రం అగుపడ్డం నేదు."

"సరిగా సూడు."

"సూసినాను. దిబ్బెక్కి కూడా సూసినాను."

గౌసు మేస్త్రి మోటారు విప్పి, ప్లగ్గు మసి పట్టిందని తేల్చి, అరగంటలో బాగుచేశాడు. సముద్రం సంగతి కూడా ఆయనే చెప్పాడు. "ఏం కంగారు లేదు దానయ్యా. అదే తొట్టిలో, ఈసారి తల పైకి ఉండేటట్టు పడుకోబెట్టు. వ్యాను తిన్నగా మీ ఊరికి తోలించు. వచ్చిన దారినే వెళ్లిపోతుంది." అంతే. అంత చిన్న పని. ఇకమీద జరిగినదంతా ఆ చిన్న పని జరగకుండా ఉండటానికి పట్టిన శ్రమ.

దానయ్యకు కావలసింది ఒక్కటే. నిషేధం ముగిసే జూన్ పద్నాలుగు లోపు సముద్రం ఊళ్లో ఉండాలి. పదిహేను తెల్లవారుజామున పడవలు దిగాలి. ఈ మాటే అర్జీలో రాయించుకుని డిప్యూటీ తాసిల్దారు విశ్వేశ్వరం గారి దగ్గరికి వెళ్లాడు. విశ్వేశ్వరం గారు చెడ్డవారు కారు. లంచం పుచ్చుకోరు, విసుక్కోరు, వచ్చినవాళ్లకు కుర్చీ చూపిస్తారు. చెడ్డవారైతే దానయ్యకు దారి సులువయ్యేది.

"చూడు దానయ్యా, సముద్రం నీదా?"

"కాదు బాబూ. గవుర్మెంటుది."

"మరి నువ్వెలా విడిపించుకుంటావు?"

"పోనీ, గవుర్మెంటే ఇడిపించుకుంటాదా?"

"ప్రభుత్వ గోడౌనులోనే ఉందిగా. ప్రభుత్వం దగ్గరున్నదాన్ని ప్రభుత్వం ఎందుకు విడిపించుకోవాలి?"

దానయ్యకు ఇందులో తప్పెక్కడుందో దొరకలేదు. ఆయన చెప్పినది నిజం కూడాను. అందుకని ఊళ్లో సముద్రం ఉండేదని రుజువు తెమ్మంటే తేవడానికి ఒప్పుకున్నాడు. రెవెన్యూ రికార్డులో దిబ్బలపాలెం తూర్పు హద్దు 'సముద్రం' అనే ఉంది. అయితే రికార్డు ఇచ్చే ముందు క్షేత్రస్థాయిలో సరిచూడాలి. మే మొదటివారంలో సర్వేయరు గొడుగేసుకుని తూర్పుగా పదకొండు కిలోమీటర్లు నడిచాడు. దారిలో ఒరిగిపోయిన స్టీమరు ఒకటి, లంగర్లు, ఎవరివో ఉంగరాలు కనిపించాయిగాని సముద్రం ఎక్కడా కనిపించలేదు. వెనక్కి వచ్చి 'తూర్పు హద్దు: లేదు' అని దిద్దాడు. నిజాయితీపరుడు, చూడనిది రాయలేదు.

హద్దు లేని భూమి ఊరికే పడి ఉంటే ఎవరి కళ్లయినా పడతాయి. మే మూడోవారానికి తెల్ల రాళ్లు పాతారు. జూన్ వచ్చేసరికి రంగు రంగుల జెండాలు, సిమెంటు కమాను లేచాయి. కమాను మీద 'అలల నగర్' అని రాశారు, దాని కింద 'మీ వాకిట్లో సముద్రపు గాలి' అని రాశారు. మామిడివలస నుంచి కుటుంబాలు కార్లలో వచ్చి, ఒకప్పుడు వంజరం చేపలు తిరిగిన లోతులో నిలబడి, వంటిల్లు ఏ దిక్కుకు వస్తుందో చూసుకుని వెళ్లేవాళ్లు.

అక్కడ గోడౌనులో సరుకు భద్రంగానే ఉంది. కాపలాదారు రోజూ ఆటుకొకసారి, పోటుకొకసారి రిజిస్టరులో 'సరుకు కదిలినది' అని రాసేవాడు. చుట్టుపక్కల పెసలకు కొంచెం ఉప్పెక్కింది. సాయంకాలాలు జనం పిల్లల్ని తెచ్చి చూపించేవారు. బఠాణీలు, మొక్కజొన్న పొత్తుల బళ్లు వెలిశాయి. మున్సిపాలిటీవాళ్లు తీర్మానం చేసి మామిడివలసను తీరప్రాంత పట్టణంగా గుర్తించమని రాస్తే గుర్తించారు. ఆ కాగితం ప్రతితోపాటే ఇంకొక కాగితం దిబ్బలపాలెం వచ్చింది. తీరం లేని గ్రామంలో పడవ మోటార్లు వాడుకలో ఉండకూడదు కనుక, యజమానులు వాటిని మంచినీళ్లతో కడిగి, లోపలి తడి పూర్తిగా ఆర్చి, కొయ్య స్టాండు మీద నిటారుగా భద్రపరచుకోవలెను.

పోలమ్మ మోటారును కడిగింది. పడక మంచం పక్కన స్టాండు వేసి నిలబెట్టి, పాత చీర కప్పింది. ఇంట్లో మూడో మనిషి నిలబడి ఉన్నట్టుండేది.

జూన్ పదో తారీఖున దానయ్య మళ్లీ ఆఫీసుకు వెళ్లాడు. ఈసారి విశ్వేశ్వరం గారు లేచి తలుపు వేసి వచ్చారు.

"నీ అర్జీ విపత్తుల శాఖకు పంపాం దానయ్యా."

"అదేటి బాబూ?"

"నువ్వు సముద్రాన్ని ఊరికి తెస్తానంటున్నావు. అక్కడిప్పుడు మూడొందల పద్దెనిమిది ప్లాట్లున్నాయి. నలుగురు గృహప్రవేశం కూడా చేశారు. సముద్రం వస్తే వాళ్లేమవుతారు?"

"అదుండే సోటే కదు బాబూ అది."

"ఉండేదని ఎవరన్నారు? రికార్డు చూశావుగా. లేని చోటికి సముద్రం వస్తే దాన్ని ఉప్పెన అంటారు. తెస్తానని రాసి వేలిముద్ర వేసింది నువ్వు. నేను కాబట్టి పోలీసు స్టేషనుకు పంపలేదు." ఆయన గొంతులో నిజమైన జాలి ఉంది. మంచినీళ్ల గ్లాసు దానయ్య వైపు జరిపారు.

పద్నాలుగుతో నిషేధం ముగిసింది. ఎనభై మూడు పడవల జాలర్లూ కూడబలుక్కోకుండానే పదిహేను వేకువన లేచి, మోటార్లు భుజాన వేసుకుని వచ్చి, పడవలకు బిగించి, ఒకప్పుడు నీళ్లు మొదలయ్యే చోటిదాకా తోసుకుపోయారు. అక్కడ ఎక్కి కూర్చున్నారు. ఎండ ముదిరాక ఒక్కొక్కరే దిగి మోటార్లు విప్పుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. దానయ్య అందరి తర్వాత దిగాడు. పడవ అంచు పట్టుకుని ఏడ్చాడు. తన చేతులతో తనే పడుకోబెట్టాడు కదా, ఆ బాధ వేరే ఎవరికీ అర్థమయ్యేది కాదు. వాడు తిడితే బాగుండునని వీడూ, వీడు తిడితే బాగుండునని వాడూ చూశారుగాని, అతన్ని ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

తర్వాత రోజులు సర్దుకున్నాయి. సర్దుకోవడంలో మనవాళ్లకు సాటి లేదు. మామిడివలస గోడౌనులో తెల్లవారి ఆరు నుంచి ఎనిమిది దాకా పాత జాలర్లకు గాలం వేసుకునే వీలు కల్పించారు. టోకెను చూపించి వ్యాను చుట్టూ వరసలో నిలబడాలి, తొట్టి మీదికి వంగకూడదు. ఇదివరకు దిబ్బలపాలెంలో చేపలు కొని మామిడివలసలో అమ్మిన పోలమ్మ, ఇప్పుడు మామిడివలసలో కొని బస్సులో తెచ్చి దిబ్బలపాలెంలో అమ్ముతోంది. అలల నగర్ వాళ్లు బేరమాడరు. తాజావేనా అని మాత్రం అడుగుతారు.

దానయ్యకు టోకెను ఇవ్వలేదు, అర్జీ పెట్టిన మనిషి గనుక. విశ్వేశ్వరం గారు ఊరుకోలేక విపత్తుల శాఖతో మాట్లాడి ఉద్యోగం వేయించారు. అలల నగర్ చివరి రాయి దగ్గర ఒక రేకుల పాక, ఒక కుర్చీ, ఒక ఈల. తూర్పుకు చూస్తూ కూర్చోవాలి. సముద్రం వస్తున్నట్టు కనిపిస్తే గట్టిగా ఈల ఊదాలి. ఆ ఉద్యోగానికి సముద్రాన్ని దూరం నుంచే గుర్తుపట్టగల మనిషి కావాలన్నారు, దానయ్యను మించినవాడు ఎవరున్నారు? గాలి మారినా, పొద్దు మసకేసినా, అంత దూరాన ఇసుక మీద నీడ కదిలినా అతనికి తెలుస్తుంది. మొదటి నెలలో రెండుసార్లు అనుమానపడి లేచి నిలబడ్డాడట. రెండుసార్లూ ఏమీ లేదు.

కొన్ని నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం పోలమ్మ అన్నం తీసుకెళ్లి, అతను తింటుంటే తూర్పుకేసి చూస్తూ కూర్చుంది.

"నిజంగా వచ్చేసిందనుకో మావా. ఏటి సేత్తావు?"

దానయ్య ముద్ద ఆపాడు. అబద్ధం ఆడే అలవాటు లేని మనిషి.

"జూన్‌లో అయితే ఊదకపోదును," అన్నాడు. "ఇప్పుడు ఊదేత్తాను."